ఫోల్డరు పేర్లలో నిషిద్ధాక్షరాలు: సికింద్రాబాద్ దస్త్రాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

దస్త్రాలను డిజిటల్ రూపంలో భద్రపరిచే పరిశోధకులకు తరచుగా ఎదురయ్యే చిక్కుల్లో ఫైలు భద్రం కాకపోవడం ఒకటి. ఫోల్డరు పేరులో కంప్యూటరు అనుమతించని అక్షరం ఉండటం ఇందుకు ముఖ్యకారణం. సాంకేతికమైన చిన్న లోపంగా కనిపించే ఈ సమస్యకు రెండు చరిత్రలున్నాయి. ఒకటి, 1970ల నుంచి కంప్యూటరు నిర్వహణ వ్యవస్థలు కొన్ని గుర్తులను తమ సొంత అవసరాలకు కేటాయించుకున్న చరిత్ర. రెండవది, మన రెవెన్యూ, పురపాలక, రైల్వే కార్యాలయాలు అవే గుర్తులతో దస్త్రాలకు సంఖ్యలు వేసిన చరిత్ర. ఈ రెండూ కలిసిన చోట ఏర్పడిన ఘర్షణను సికింద్రాబాద్ నేపథ్యంలో పరిశీలించి, తెలుగు లిపికి ప్రత్యేకమైన సమస్యలను గుర్తించి, దస్త్రం గుర్తింపు చెడకుండా పేరు పెట్టే పద్ధతిని సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: నిషిద్ధాక్షరాలు, ఫోల్డరు, వాలుగీత, పహాణీ, విసర్గ, యూనికోడ్, సికింద్రాబాద్, దస్త్రాల భద్రత.

1. ఉపోద్ఘాతం:

స్థానిక చరిత్రపై పనిచేసే పరిశోధకుడు ఒక గ్రామపు పహాణీలను స్కాన్ చేసి, 145/అ అనే సర్వే నంబరు పేరుతో ఫోల్డరు సృష్టించబోయాడనుకుందాం. విండోస్ వ్యవస్థ అంగీకరించదు. ఫైలు పేరులో ఈ కింది గుర్తులు ఉండరాదంటూ తొమ్మిది గుర్తులను చూపుతుంది. అవి: \ / : * ? " < > |. అతడు వాలుగీతను తీసివేసి 145అ అని రాస్తాడు, లేదా అడ్డగీత పెట్టి 145-అ అని రాస్తాడు. ఫోల్డరు ఏర్పడుతుంది. పని సాగిపోతుంది. అయితే ఆ క్షణంలో మూలదస్త్రంలోని సంఖ్యకూ, డిజిటల్ ప్రతిలోని సంఖ్యకూ మధ్య ఒక తేడా ప్రవేశించింది. దాన్ని ఎక్కడా నమోదు చేయలేదు. పదేళ్ల తరువాత ఆ ప్రతిని చూసే మరో పరిశోధకుడికి మూలంలో ఏముందో తెలిసే దారి లేదు.

ఈ వ్యాసంలో కాగితంపై ఉన్నదాన్ని దస్త్రమనీ, కంప్యూటరులో ఉన్నదాన్ని ఫైలు అనీ వ్యవహరిస్తున్నాను. దస్త్రం సంఖ్య అలంకారం కాదు. అది ఏ కార్యాలయంలో, ఏ విభాగంలో, ఏ సంవత్సరంలో పుట్టిందో చెప్పే చిరునామా. పాఠపరిష్కరణలో పాఠాంతరాలను నమోదు చేయడం ఎంత అవసరమో, దస్త్రాల డిజిటలీకరణలో సంఖ్యల మార్పును నమోదు చేయడం అంతే అవసరం.

2. నిషేధం ఎలా పుట్టింది?

ఈ తొమ్మిది గుర్తుల నిషేధం ఒక్కసారిగా, ఒకే ఆలోచనతో వచ్చింది కాదు. ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క పనికి కేటాయించబడింది.

గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సీపీ/ఎం అనే నిర్వహణ వ్యవస్థ డిస్కును ఒక అక్షరంతో, ఆ తరువాత రెండు చుక్కలతో (:) సూచించింది. ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, దాని రకాన్ని తెలిపే కొసపేరుకు మూడు అక్షరాలు అనే పరిమితి కూడా అందులోనిదే. ఏదో ఒక అక్షరమని చెప్పడానికి ప్రశ్నార్థకాన్నీ, ఎన్ని అక్షరాలైనా అని చెప్పడానికి నక్షత్రాన్నీ వాడే అలవాటు ఆనాటికే ఉంది. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో వచ్చిన డాస్ ఈ సంప్రదాయాన్ని చాలావరకు స్వీకరించింది.

డాస్ తొలి రూపంలో ఫోల్డర్లు లేవు. ఆజ్ఞలకు అదనపు ఎంపికలను జోడించడానికి వాలుగీతను (/) వాడేవారు. 1983లో వచ్చిన డాస్ 2.0లో ఒక ఫోల్డరు లోపల మరొక ఫోల్డరు ఉండే అమరిక ప్రవేశించింది. యూనిక్స్ వ్యవస్థలో ఫోల్డర్లను వేరుచేసే గుర్తు వాలుగీతే. కాని డాస్‌లో ఆ గుర్తు అప్పటికే వేరే పనిలో ఉండటంతో వెనుకకు వాలిన గీతను (\) ఎంచుకున్నారు. వ్యవస్థ అంతర్భాగం మాత్రం రెండు గీతలనూ వేర్పాటు గుర్తులుగానే స్వీకరించేది. అందువల్ల రెండూ పేర్లలో నిషిద్ధమయ్యాయి. ఒక ఆజ్ఞకు ఫైలు నుంచి సమాచారాన్ని అందించడానికి, దాని ఫలితాన్ని ఫైలులోకి మళ్లించడానికి < > గుర్తులు, ఒక ఆజ్ఞ ఫలితాన్ని మరొక ఆజ్ఞకు అందించడానికి నిలువుగీత (|) కేటాయించారు. ఖాళీలున్న పొడవైన పేర్లు వచ్చాక ఆ పేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి ఉల్లేఖన చిహ్నాలు అవసరమయ్యాయి.

కాన్, పీఆర్ఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్ అనే ఆంగ్లాక్షరాల పేర్లు కూడా ఇలాంటివే. కీబోర్డు-తెర, ప్రింటరు వంటి పరికరాలకు పాత వ్యవస్థలో పెట్టిన పేర్లు ఇవి. ఒక వ్యక్తి పొడి అక్షరాలు యాదృచ్ఛికంగా పీఆర్ఎన్ అయితే, వాటిని రోమన్ లిపిలో రాసి ఆ పేరుతో ఫోల్డరు సృష్టించడం విండోస్‌లో చాలాకాలం సాధ్యం కాలేదు.

1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్, 1995లో వచ్చిన విండోస్ 95 ఎనిమిది అక్షరాల పరిమితిని తొలగించి 255 వరకు అనుమతించాయి. అయినా పాత ప్రోగ్రాములు చెడిపోకూడదన్న ఉద్దేశంతో పాత నిషేధాలను కొనసాగించాయి. లైనెక్స్ వంటి యూనిక్స్ సంప్రదాయ వ్యవస్థల్లో నిషేధం రెండింటికే పరిమితం: వాలుగీత, శూన్యసంకేతం. పాత మాకింతోష్‌లో ఫోల్డర్లను వేరుచేసే గుర్తు రెండు చుక్కలు. అందువల్ల ఒక వ్యవస్థలో నిరభ్యంతరంగా పుట్టిన ఫోల్డరు మరొక వ్యవస్థలోకి వెళ్లగానే దోషి అవుతుంది. నిషిద్ధాక్షరమంటే స్వభావతః చెడ్డ అక్షరం కాదు. అది వేరొకరు ముందుగా ఆక్రమించుకున్న అక్షరం.

3. సికింద్రాబాద్ దస్త్రాల్లో వాలుగీత:

మన కార్యాలయాల్లో వాలుగీత కంప్యూటరు కంటే ముందుది. దాన్ని మనవారు బై అని చదువుతారు. పదిహేను బై రెండు అంటే పదిహేనవ ఇంటిలో రెండవ భాగం. అవిభక్త కుటుంబం విడిపోయినప్పుడు ఇల్లు రెండవుతుంది. ఇంటి సంఖ్యకు ఒక బై చేరుతుంది. పొలం అన్నదమ్ముల మధ్య పంపకమైతే సర్వే నంబరుకు మరొక బై చేరుతుంది. కాబట్టి వాలుగీత విభజన చరిత్రను మోసే గుర్తు.

తెలంగాణ రెవెన్యూ దస్త్రాల్లో ఈ విభాగాలను తెలుగు అక్షరాలతో సూచించే పద్ధతి ఉంది. 145/అ, 145/ఆ, 145/ఆ/1 ఈ తీరులో ఉంటాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికీ భూమి హక్కుల వివాదాల్లో ఆధారంగా నిలుస్తున్నది. 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి వ్యవస్థలోనూ ఈ వాలుగీత సంఖ్యలే కొనసాగాయి. డేటాబేసు లోపల వాలుగీతకు అభ్యంతరం లేదు. ఆ దస్త్రాన్ని విడి ఫైలుగా దించుకొని ఫోల్డరులో పెట్టుకోబోయినప్పుడే అభ్యంతరం మొదలవుతుంది.

సికింద్రాబాద్ పరిస్థితి మరింత సంక్లిష్టం. 1798 నాటి సైన్యసహకార ఒప్పందం తరువాత బ్రిటిష్ సేనలు విడిది చేసిన ఈ ప్రదేశానికి 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. కంటోన్మెంటు పాలన ఇంగ్లీషులో సాగింది. పౌరప్రాంతంలో కొంతభాగం 1945లో నిజాం ప్రభుత్వానికి తిరిగి వచ్చింది. 1950లో సికింద్రాబాద్‌కు ప్రత్యేక నగరపాలక సంస్థ ఏర్పడి, 1960లో హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైంది. 2007లో బృహత్ హైదరాబాద్ నగరపాలక సంస్థ వచ్చింది. కంటోన్మెంటు ప్రాంతం మాత్రం తన బోర్డు కిందనే ఉంటూ, తన భూములను సాధారణ భూమి రిజిస్టరులో వేరుగా నమోదు చేస్తూ వచ్చింది. ఒకే వీధి చరిత్ర రాయదలచిన పరిశోధకుడు ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు దస్త్రాలను, ఫసలీ, క్రీస్తుశక సంవత్సరాలను కలిపి చూడవలసి ఉంటుంది. 1357 ఫసలీ 1947-48కి సమానం. ఈ రెండు లెక్కలను పక్కపక్కన రాయవలసి వచ్చినప్పుడు చెయ్యి సహజంగానే వాలుగీత వైపు వెళుతుంది.

ఇంటి సంఖ్యల సంగతి చూద్దాం. జంటనగరాల్లో ఇంటి సంఖ్య వార్డు, బ్లాకు, ఇల్లు అనే మూడు భాగాలతో, వాటి మధ్య అడ్డగీతలతో ఉంటుంది. ఇంటి ఉపవిభాగం వాలుగీతతో వస్తుంది. ఊహామాత్రంగా 10-3-15/2/ఎ అనే సంఖ్యను తీసుకుంటే, ఇందులో అడ్డగీత పాలనావిభాగాన్నీ, వాలుగీత ఆస్తి విభజననూ సూచిస్తున్నాయి. రెండు గుర్తులకు రెండు అర్థాలు. ఫైలు పేరు కోసం వాలుగీతలన్నింటినీ అడ్డగీతలుగా మారిస్తే 10-3-15-2-ఎ అవుతుంది. పాలన ఎక్కడ ముగిసిందో, పంపకం ఎక్కడ మొదలైందో చెప్పే హద్దు చెరిగిపోతుంది.

గీతను పూర్తిగా తీసివేయడం ఇంకా ప్రమాదకరం. 14/5 అనే సర్వే నంబరు 145 అవుతుంది. అదే గ్రామంలో 145 అనే వేరొక సర్వే నంబరు నిజంగానే ఉండవచ్చు. అప్పుడు రెండు పొలాల కాగితాలు ఒకే ఫోల్డరులో చేరుతాయి. కంప్యూటరు ఏ హెచ్చరికా చేయదు, ఎందుకంటే దాని దృష్టిలో తప్పేమీ జరగలేదు.

సచివాలయం, కలెక్టరేటు, రైల్వే కార్యాలయాల ఉత్తరప్రత్యుత్తరాలకూ ఇదే వర్తిస్తుంది. 1254/బి2/1998 అనే తరహా సంఖ్యలో మొదటిది దస్త్రం వరుస, రెండవది దాన్ని నిర్వహించే సీటు, మూడవది సంవత్సరం. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే ప్రధానకార్యాలయం సికింద్రాబాద్‌లోని రైల్ నిలయం. రైల్వే ఉత్తరాల సంఖ్యల్లోనూ జోను, శాఖ, విషయం వాలుగీతలతో విడివడి ఉండటం చూస్తాం. 12/5/1998 అని ఉన్న దస్త్రం సంఖ్యను 12-5-1998గా మారిస్తే చదివేవారు దాన్ని 1998 మే 12 అనే తేదీగా గ్రహిస్తారు. ఇలా ఒక దస్త్రానికి లేని తేదీ పుట్టుకొస్తుంది. చరిత్రకారుడికి ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

4. తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కులు:

పై సమస్యలు భారతీయ కార్యాలయాలన్నింటికీ ఉమ్మడివి. తెలుగులో పేర్లు పెట్టేటప్పుడు వీటికి తోడు మరికొన్ని చేరుతాయి.

4.1. విసర్గకు బదులు రెండు చుక్కలు: దుఃఖం, అంతఃపురం, పునఃపరిశీలన వంటి మాటల్లో విసర్గకు బదులుగా విరామచిహ్నమైన రెండు చుక్కలను టైపు చేసే అలవాటు విస్తృతంగా ఉంది. కంటికి తేడా స్వల్పం. కంప్యూటరుకు అవి వేర్వేరు అక్షరాలు. విసర్గ తెలుగు లిపిలో భాగం కాబట్టి అనుమతి ఉంది. రెండు చుక్కలకు లేదు. విండోస్‌లో ఫోల్డరు కిటికీ నుంచి పేరు పెడితే వ్యవస్థ అడ్డుకుంటుంది. కాని కొన్ని ప్రోగ్రాముల ద్వారా నేరుగా భద్రం చేస్తే మరొక విపరీతం జరుగుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో రెండు చుక్కలకు ప్రత్యేకార్థం ఉంది: చుక్కలకు ముందున్నది ఫైలు పేరు, తరువాత ఉన్నది ఆ ఫైలుకు అనుబంధమైన ఉపప్రవాహం పేరు. అందువల్ల రెండు చుక్కలతో రాసిన దుఃఖం అనే ఫైలు స్థానంలో దు అనే ఫైలు కనిపిస్తుంది. దాని పరిమాణం సున్నా. విషయమంతా కనిపించని ఉపప్రవాహంలో ఉంటుంది. ఆ ఫైలును సాధారణ పెన్‌డ్రైవులోకి మార్చితే ఆ ఉపప్రవాహం వెంట రాదు.

4.2. అనుస్వారానికి బదులు అంకె: తెలుగు సున్న అంకె (౦), అనుస్వారం (ం) రూపంలో దాదాపు ఒక్కటే. సికింద్రాబాద్ అన్న మాటలో అనుస్వారానికి బదులు అంకె చేరితే చూపరికి తేడా తెలియదు. రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఏర్పడతాయి; ఒకదాన్ని వెదికితే రెండవది దొరకదు. ఇది నిషిద్ధాక్షరం కాదు. అనుమతి ఉన్నా అనర్థం కలిగించే అక్షరం.

4.3. ఐత్వం రెండు రూపాలు: యూనికోడ్ తెలుగు విభాగంలో ఐత్వానికి ఒక సంకేతం ఉంది. దానినే ఎత్వం, ఐ దీర్ఘచిహ్నం అనే రెండు సంకేతాల కలయికగా కూడా రాయవచ్చునని ప్రమాణం నిర్ణయించింది. 1998లో ఆపిల్ ప్రవేశపెట్టిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పద్ధతి ఫైలు పేర్లను ఇలా విడదీసిన రూపంలో భద్రపరిచేది. విండోస్, లైనెక్స్ పద్ధతులు ఇచ్చిన రూపాన్ని ఇచ్చినట్టే ఉంచుతాయి. ఫలితంగా హైదరాబాద్ అనే ఫోల్డరు మాకింతోష్ నుంచి లైనెక్స్‌కు చేరినప్పుడు, అక్కడ ముందే ఉన్న హైదరాబాద్ ఫోల్డరుతో కలవకుండా రెండవదిగా నిలవవచ్చు. జంటనగరాల్లో సికింద్రాబాద్ పేరుకు ఐత్వం లేదు కాబట్టి ఈ బాధ లేదు. హైదరాబాద్‌కు మాత్రం తప్పదు.

4.4. కనిపించని అక్షరం: పొల్లు హల్లు తరువాతి హల్లుతో కలిసి సంయుక్తాక్షరం కాకుండా ఆపడానికి వాడే, వెడల్పు లేని విభాజకం మరొకటి. రాజ్‌కుమార్ అనే మాట మధ్యలో అది అవసరమే. అదే పేరు చివర చేరితే కంటికి కనిపించదు, పేరును మాత్రం మార్చివేస్తుంది. వెబ్ పుటల నుంచి పేర్లను అతికించేటప్పుడు ఇది వెంట రావచ్చు.

4.5. పొడవు లెక్క: విండోస్ పేరులోని అక్షరసంకేతాలను లెక్కిస్తుంది. లైనెక్స్‌లో వాడుకలో ఉన్న ఎక్స్ట్4 పద్ధతి బైట్లను లెక్కిస్తుంది; పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకుంటుంది. రోమన్ లిపిలో సికింద్రాబాద్ పేరు 12 బైట్లయితే, తెలుగులో 13 సంకేతాలు, 39 బైట్లు. అంటే లైనెక్స్‌లో ఒక తెలుగు పేరు 85 సంకేతాలను దాటరాదు. వ్యాసశీర్షికను పూర్తిగా ఫోల్డరు పేరుగా పెట్టే అలవాటున్న పరిశోధకులకు ఈ హద్దు త్వరగానే ఎదురవుతుంది. విండోస్‌లో డిస్కు పేరు నుంచి ఫైలు కొసపేరు వరకు మొత్తం దారికి 260 సంకేతాల హద్దు చాలా ప్రోగ్రాముల్లో ఇప్పటికీ అమలులో ఉంది.

4.6. పాత ఫాంట్ల వారసత్వం: యూనికోడ్ తొలి ప్రమాణంలో, అంటే 1991లోనే, తెలుగుకు స్థానం ఉన్నా, విండోస్‌లో తెలుగు లిపికి తోడ్పాటు 2001 నాటి ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. ముద్రణరంగంలో అను వంటి ఫాంట్లు అంతకుముందే స్థిరపడ్డాయి. ఇవి తెలుగు అక్షరఖండాలను రోమన్ అక్షరాల, విరామచిహ్నాల స్థానాల్లో కూర్చిన ఫాంట్లు. అలాంటి కీబోర్డుతో ఫోల్డరుకు తెలుగు పేరు పెడితే కంప్యూటరు దాన్ని రోమన్ గుర్తుల వరుసగానే గ్రహిస్తుంది. ఒక గుడింతపు గుర్తో, ఒత్తో ఆ తొమ్మిది గుర్తుల స్థానాల్లో దేనిలోనైనా పడితే, తెలుగులో ఏ దోషమూ లేని మాట నిషిద్ధమవుతుంది. టైపు చేసినవారికి కారణం బోధపడదు.

4.7. లిప్యంతరీకరణ: 1990ల తొలినాళ్లలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి, అంతర్జాలంలో తెలుగు రాతకు ఎంతో ఉపకరించింది. ఇందులో చిన్న టీ అక్షరం తకారాన్నీ, పెద్ద టీ అక్షరం టకారాన్నీ సూచిస్తాయి. అలాగే చిన్న ఎల్ లకారానికి, పెద్ద ఎల్ ళకారానికి. విండోస్ ఫైలు పేర్లలో చిన్న, పెద్ద అక్షరాలను సాధారణంగా ఒకటిగానే లెక్కిస్తుంది. కాబట్టి పాట, పాత అనే రెండు పేర్లు దాని దృష్టిలో ఒక్కటే; కల, కళ అనేవీ ఒక్కటే. లైనెక్స్‌లో వేరుగా ఉన్న రెండు ఫైళ్లను విండోస్‌లోకి మార్చినప్పుడు, ఉన్నదాని స్థానంలో కొత్తదాన్ని పెట్టమంటారా అన్న ప్రశ్న వస్తుంది. చదవకుండా అవునంటే ఒకటి పోతుంది.

5. దోషనిర్ధారణ క్రమం:

పై పరిశీలన నుంచి దోషాన్ని గుర్తించే క్రమం ఏర్పడుతుంది. ఫైలు భద్రం కానప్పుడు చాలామంది ఫైలు పేరునే అనుమానిస్తారు. దోషం తరచుగా పైనున్న ఫోల్డరులో ఉంటుంది. వేరొక వ్యవస్థలో పుట్టి, నెట్‌వర్కు ద్వారానో క్లౌడు ద్వారానో వచ్చిన ఫోల్డరు పేరు చివర ఒక చుక్కో, ఖాళీయో ఉంటే విండోస్ ప్రోగ్రాములు ఆ ఫోల్డరులోకి సరిగా వెళ్లలేవు. జి.ఓ. వంటి సంక్షేపాక్షరాలను చుక్కతో ముగించడం తెలుగు రాతలో సహజం. విండోస్ పేరు చివరి చుక్కను చడీచప్పుడు లేకుండా తొలగిస్తుంది, లైనెక్స్ తొలగించదు. ఇక్కడినుంచి రెండు ప్రతుల మధ్య పొంతన తప్పుతుంది.

కాబట్టి మొదట ఆ ఫైలును డెస్క్‌టాప్ మీద చిన్న రోమన్ పేరుతో భద్రం చేయాలి. అక్కడ భద్రమైతే పత్రంలోగాని, డిస్కులోగాని దోషం లేదు. దోషం దారిలో ఉంది. అప్పుడు లోపలి ఫోల్డరు నుంచి పైకి ఒక్కొక్క పేరును పరిశీలించాలి. తొమ్మిది గుర్తులు, చివరి చుక్క, చివరి ఖాళీ, పరికరాల పేర్లు, మొత్తం దారి పొడవు ఈ వరుసలో చూడాలి. అన్నీ సరిగానే కనిపించినా దోషం తొలగకపోతే పేరును అతికించకుండా మళ్లీ చేతితో టైపు చేయాలి. కనిపించని అక్షరాలు దీనితో పోతాయి.

ఇక్కడ దోషసందేశాల భాషను కూడా గమనించాలి. నిషిద్ధాక్షరం ఉన్నదని సందేశం నేరుగా చెప్పేది కొన్ని సందర్భాల్లోనే. ఒక ప్రోగ్రాము 1254/బి2/1998 అనే పేరును అందుకొని, 1254 అనే ఫోల్డరులో బి2 అనే ఫోల్డరు కోసం వెదికి, అది లేదని, దారి దొరకలేదని చెబుతుంది. ఫోల్డర్లను తానే సృష్టించే ప్రోగ్రామైతే ఏ సందేశమూ ఇవ్వకుండా ఒక దస్త్రాన్ని మూడు అంతస్తుల్లో విడగొడుతుంది. దోషసందేశం వచ్చిన చోట నష్టం లేదు, ఎందుకంటే అక్కడ మనిషి ఆగి ఆలోచిస్తాడు. సందేశం రాని చోటనే నష్టం జరుగుతుంది.

6. పేరు వేరు, గుర్తు వేరు:

ఈ సమస్యకు పరిష్కారనమూనా సికింద్రాబాద్ స్టేషనులోనే ఉంది. ప్లాట్‌ఫారం మీది ఫలకంపై ఊరిపేరు పలు లిపుల్లో ఉంటుంది. టికెట్టు వ్యవస్థలో మాత్రం దాని గుర్తు రెండు రోమన్ అక్షరాలు: ఎస్.సి. హైదరాబాద్‌కు హెచ్.వై.బి., కాచిగూడకు కె.సి.జి. ఊరిపేరును సికింద్రాబాదు అన్నా, సికిందరాబాద్ అన్నా, లష్కర్ అన్నా ఆ రెండక్షరాల గుర్తు మారదు. గుర్తు ఉన్నదని ఫలకాన్ని తొలగించలేదు. ఫలకం ఉన్నదని గుర్తును వదలలేదు. రెండింటినీ కలిపే పట్టిక రైల్వే దగ్గర ఉంది.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కూడా పుస్తకాలకు అంకెల గుర్తులనే ఇచ్చింది. గ్రంథనామాన్ని వివరణలో చేర్చింది. గుర్తు విషయంలో ఆ నిర్ణయం సరైనదే. అయితే తెలుగు గ్రంథనామాలను నిలకడలేని రోమన్ లిప్యంతరీకరణలో నమోదు చేయడంతో వెదుకులాట కష్టమైంది. గుర్తు ఎంత పటిష్ఠంగా ఉన్నా, దాన్ని పేరుతో కలిపే పట్టిక బలహీనంగా ఉంటే ప్రయోజనం సగమే.

దీన్ని బట్టి పరిశోధకులకు ఒక పద్ధతిని సూచించవచ్చు. ఫోల్డరు పేరుగా రోమన్ చిన్న అక్షరాలు, అంకెలు, అడ్డగీత, అధోగీత (_) మాత్రమే వాడాలి. మూలంలోని అడ్డగీతను అడ్డగీతగానే ఉంచి, వాలుగీత స్థానంలో అధోగీతను మాత్రమే పెట్టాలి. చేతిరాత దస్త్రాల సంఖ్యల్లో అధోగీత విభాజకంగా కనిపించదు. కాబట్టి ఫైలు పేరులో అది ఉన్న ప్రతిచోటా మూలంలో వాలుగీత ఉన్నదని నిస్సందేహంగా చెప్పవచ్చు. 10-3-15/2 అనేది 10-3-15_2 అవుతుంది. తిరిగి మూలరూపానికి తేవచ్చు. బై అని అక్షరాల్లో రాయడం చదవడానికి ఇంపుగా ఉన్నా, ఆ మాటలోని ఐత్వం పైన చెప్పిన చిక్కును తెస్తుంది. వాలుగీతను పోలిన వేరే యూనికోడ్ గుర్తులతో నిషేధాన్ని తప్పించుకోవడం కూడా తగదు. వెదికేవారు సాధారణ వాలుగీతతోనే వెదుకుతారు.

ప్రధాన ఫోల్డరులో ఒక అనుక్రమణిక పట్టిక ఉండాలి. అందులో ఫైలు గుర్తు, మూలదస్త్రంలోని సంఖ్య ఉన్నది ఉన్నట్టుగా, తెలుగు శీర్షిక, సంవత్సరం, పేరు మార్చిన తేదీ అనే గడులుండాలి. పట్టికలోని గడిలో వాలుగీతకూ, విసర్గకూ, ప్రశ్నార్థకానికీ ఏ నిషేధమూ లేదు. తెలుగు పేరుకు తగిన చోటు అది. పేరు మార్చినా ఫైలులోని విషయంపై లెక్కించే హాష్ విలువ మారదు కాబట్టి, దాన్ని కూడా నమోదు చేస్తే రెండు పేర్లతో ఉన్నది ఒకే ప్రతి అని నిరూపించవచ్చు.

7. ముగింపు:

1. ఫోల్డరు పేర్లలోని నిషిద్ధాక్షరాలు 1970లు, 1980ల నాటి సాంకేతిక కేటాయింపుల అవశేషాలు. అవి వ్యవస్థను బట్టి మారుతాయి.

2. మన దస్త్రాల్లో వాలుగీత ఆస్తి విభజనను, కార్యాలయ విభాగాన్ని, ద్వంద్వ కాలమానాన్ని సూచించే అర్థవంతమైన గుర్తు. దాన్ని తొలగించడంగాని, అడ్డగీతగా మార్చడంగాని మూలసమాచారాన్ని నష్టపరుస్తుంది.

3. తెలుగు లిపిలో విసర్గ, అనుస్వారం, ఐత్వం, కనిపించని విభాజకం, బైట్ల పరిమితి అనే అదనపు కారణాలున్నాయి. వీటిలో చాలావాటికి దోషసందేశం రాదు.

4. దోషాన్ని ఫైలు పేరులోనే కాక, దాని పైనున్న ప్రతి ఫోల్డరులోనూ వెదకాలి.

5. యంత్రానికి గుర్తు, మనిషికి పేరు, రెండింటికీ మధ్య పట్టిక అనే పద్ధతి మూలదస్త్రపు గుర్తింపును కాపాడుతుంది.

తాళపత్రాల కాలంలో గ్రంథం చివర లేఖకుడు తన పేరు, కాలం నమోదు చేసేవాడు. ప్రతి ఎక్కడినుంచి వచ్చిందో తెలియడానికి అది నేటికీ ఆధారం. డిజిటల్ ప్రతిని తయారుచేసే పరిశోధకుడూ లేఖకుడే. తాను మార్చిన ఒక్క గీతను సైతం నమోదు చేయడం అతడి బాధ్యత. ఆ గీతకు అటు ఒకరి వాటా, ఇటు మరొకరి వాటా ఉండవచ్చు.